ఎడమ కాలికి సెలవు

నవ్వాలనుకున్నవాళ్ళు ముందే నవ్వేయండి. సగం కథ అయ్యాక నవ్వితే మీకే బాగుండదు.

ఇదంతా ఒక చెప్పుతో మొదలైంది. మే నెలలో ఒక మధ్యాహ్నం కోసిగి సంత నుంచి వచ్చి, జీపు దిగి, కుండలో నీళ్ళు ముంచుకుని తాగుతున్నాను. మా ఆవిడ కృపమణి నా కాళ్ళవైపు చూసింది.

"ఎడమ చెప్పు యాడ?"

కిందికి చూశాను. కుడి కాలికి చెప్పు ఉంది. ఎడమ కాలికి లేదు. సంతలో నుంచి జీపు దాకా ఆ ఎండలో, ఆ కాలిన నేల మీద, ఉత్త కాలితో నడిచి వచ్చాను. నాకు తెలియలేదు.

నిజంగా తెలియలేదు. గుండె జారిపోయింది. కానీ ఇరవై ఆరేళ్ళు కాపురం చేసిన మగవాడు పెళ్ళాం ముందు గుండె జారనివ్వకూడదని నా అభిప్రాయం.

"కుక్క ఎత్తుకపోయింది" అన్నాను.

"కాల్నుంచే ఎత్తుకపోయిందా?"

"అట్లాంటి కుక్క మరి."

"కుడిది దానికి నచ్చలేదేమో" అని ఆమె లోపలికి పోయింది. గెలిచాననుకున్నాను. నా తెలివి అంతవరకే.

నాకు ఎనిమిదేళ్ళుగా షుగరు. ఆర్నెల్లుగా ఎడమ పాదం నాది కానట్టు ఉంది. గిల్లినా తెలియదు, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. ఈ సంగతి ఎవరికీ చెప్పకపోవడానికి కారణం మా పెదనాయన కొడుకు దావీదురాజన్న. ఆయనకు అరికాల్లో చిన్న పొక్కు లేచింది. మేజోడు వేసి దాచిపెట్టాడు. చివరకు కర్నూలు ఆస్పత్రికి తీసుకుపోతే మోకాలి కింద తీసేశారు. నేను చూడ్డానికి పోతే మంచం మీద పడుకుని నవ్వాడు.

"ఏడస్తావేంరా జ్ఞానా? బస్సులో సీటుకు టవల్ ఏస్తామే, అట్ల నా కాలు ముందుపోయి పైన సీటు పట్టింది. నేను మెల్లగ పోతా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వస్తూ దారిలో జీపు ఆపి, పక్కన కూర్చుని వాంతి చేసుకున్నాను. ఆ రోజే నిశ్చయించుకున్నాను, నా కాలి సంగతి నాకూ ఆ కాలికీ తప్ప మూడోవాళ్ళకు తెలియకూడదని. పొక్కు దాచి ఆయన కాలు పోగొట్టుకుంటే, నేను నేర్చుకున్న పాఠం ఇంకా జాగ్రత్తగా దాచాలని. చదువు తక్కువైనా నాకు తెలివి ఎక్కువని మా అమ్మ అనేది. ఆమె ఏ ధైర్యంతో అన్నదో తెలియదు.

కాలు పోతే నాకు జీపు పోతుంది. అదీ నా భయం. నా జీపు వయసు ముప్పై రెండు. దాని మధ్యలో మూడు లివర్లుంటాయి. పెద్దది మామూలు గేర్లకు. పక్కనున్న చిన్నవి రెండు. ఒకటి లాగితే ముందు చక్రాలు కూడా పట్టుకుంటాయి. ఇంకొకటి 'హై' నుంచి 'లో'కు మారుస్తుంది. లోలో వేస్తే జీపు నడక ఎద్దుదే గానీ బలం ఏనుగుది. మా డ్రైవర్లు దాన్ని స్పెషల్ గేరంటారు.

మా ఊళ్ళో మొదటి వాన పడిందంటే నల్లరేగడిలో ఆటో పోదు, కారు పోదు, మనిషి నడిచినా చెప్పులు మట్టికిచ్చి రావాలి. అప్పుడు నా జీపే. గుంటూరు మిరప కోతలకూ, బెంగళూరు బిల్డింగు పనులకూ వలస పోయేవాళ్ళను కోసిగి రైలుస్టేషనులో దింపేది నేనే. వంక అవతల ఉన్న మా సమాధుల తోటకు శవపెట్టెను చేర్చేదీ నేనే. బతకడానికి పోయేవాళ్ళనూ, బతుకు అయిపోయినవాళ్ళనూ ఈ ఊళ్ళో నేనే సాగనంపుతాను. అంతటి మనిషిని కాలు లేదని అరుగు మీద కూర్చోబెడితే ఇంకేం మిగులుతుంది?

పెళ్ళయిన మూడో రోజు కృపమణిని ఈ జీపులోనే తిప్పాను. అది అప్పట్లో మా నాయనది. ఆమె రాజంపేట పిల్ల, కొత్తగా వచ్చింది, ముచ్చటగా చిన్న లివరు మీద చెయ్యి వేసింది.

"వాటి మీద చెయ్యెయ్యద్దు. ఆడోళ్ళకు అర్థం గావు ఇవి" అన్నాను.

ఆమె చెయ్యి తీసేసింది. ఇరవై ఆరేళ్ళలో మళ్ళీ వెయ్యలేదు. మాట వినే భార్య దొరికిందని ఊరంతా చెప్పుకున్నాను.

జూన్‌లో అసలు చిక్కు వచ్చింది. ఆదివారం చర్చి ముందు జీపు ఆపబోయి క్లచ్ తొక్కాను. తొక్కాననే అనుకున్నాను. పాదం పెడల్ మీద నుంచి ఎప్పుడో జారిపోయి నేల మీదుంది. జీపు ఆగకుండా పోయి సండే స్కూలు బోర్డును గుద్దింది. 'చిన్నపిల్లలను నా యొద్దకు రానియ్యుడి' అని రాసి ఉన్న బోర్డు. పిల్లలందరూ పరుగో పరుగు.

ఆ రాత్రి నిద్ర పట్టక పథకం వేశాను. కాలు పనిచెయ్యకపోతే కాలికి సెలవు ఇచ్చేస్తే సరి. క్లచ్ లేకుండానే తోలాలి.

నవ్వకండి, పాత జీపులో అది కుదురుతుంది. ఇంజను ఆపి, లోలో మొదటి గేరు వేసి, తాళం తిప్పితే స్టార్టరే జీపును ఈడ్చుకుపోతుంది. రెండు బారలు పోయేసరికి ఇంజను అందుకుంటుంది. తర్వాత గేరు మార్చాలంటే చెవి పెట్టాలి. యాక్సిలరేటరు వదిలి, గేరు బయటికి లాగి, ఇంజను గొంతు తగ్గే క్షణం కనిపెట్టి పైగేరులోకి నెట్టాలి. కనిపెడితే వెన్నలో చెయ్యి పెట్టినట్టు పోతుంది. కనిపెట్టకపోతే గేరుపెట్టె అరిచే అరుపుకు పక్క ఊరి గేదెలు కూడా తాడు తెంపుకుంటాయి.

నాలుగు రోజులు పొలం దారిలో గేదెలను బాధపెట్టి నేర్చుకున్నాను. ఎడమ కాలు పక్కన నేల మీద పెట్టుకుని, కుడి కాలితో, చెవితో బండి తోలాను. ఇంత విద్య నాలో ఉందని నాకే తెలియదు.

అయితే ఒక అబద్ధానికి తోడు ఇంకో నాలుగు కావాలి గదా. ఆగిన చోటల్లా ఇంజను ఆపాలి. ఎందుకంటే ఏం చెప్పాలి?

"డీజిలు పొదుపు" అన్నాను.

పాస్టరు అయ్యగారు ఎంత మురిసిపోయారంటే, ఆదివారం ప్రసంగంలో నన్ను ఉదాహరణగా చెప్పారు. సంఘమంతా వెనక్కి తిరిగి చూసింది. కృపమణి మాత్రం పాటల పుస్తకంలో నుంచి తల ఎత్తలేదు.

ఇంటికొచ్చాక అడిగింది. "డీజిలు మిగిలిందా?"

"శానా."

"మరి బ్యాటరీ నెలకు రెండుసార్లు చార్జింగు షాపుకు పోతాండాది యాలా?"

"దానికీ వయసైంది గదా మే."

"వయసైనోళ్ళంతా చార్జింగుకు పోతే నువ్వీపాటికి వారం దినాలు ఆడనే ఉండాల."

అరికాల్లో పొక్కు లేచింది అప్పుడే. నాకు నొప్పి లేదు. దుప్పటి మీద మరక చూసి తెలుసుకున్నాను. వెంటనే మేజోళ్ళు వేశాను. ఆ ఉక్కలో, ఇంట్లో, హవాయి చెప్పుల్లోకి మేజోళ్ళు. మా ఊళ్ళో పెళ్ళికొడుకు కూడా సాయంత్రానికి విప్పేస్తాడు.

"ఏందిది?" అంది కృపమణి.

"దోమలు."

"కాళ్ళకేనా? మూతికి గుడ్డ కట్టుకోవా?"

"కాళ్ళు పగిలినాయి. మందు రాసినా. నువ్వు ముట్టుకోవద్దు, అంటుకుంటాది."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది, కోపాన్ని నేను మేనేజ్ చేస్తాను. అది కోపం కాదు. మరుసటి శనివారం ఆమె చీపురు పట్టుకుని "జీపు ఊడుస్తా" అంది. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి. ఆహా, దారికి వచ్చింది అనుకుని మంచం మీద పడుకుని ఊడవనిచ్చాను.

ఇంకొకటి చెప్పాలి. మా మెకానిక్ హనుమన్నను ఊళ్ళో 'రేపు హనుమన్న' అంటారు. ఏ పని అడిగినా రేపే. జీపు కింద సైలెన్సరు పైపు పగిలి, సెగంతా నా కాళ్ళ కింద రేకుకు తగులుతోందని ఆయనే కనిపెట్టాడు. రేపు చేస్తానన్నాడు. నెల దాటింది. ముందు సీట్లో ఎక్కినవాళ్ళు కాళ్ళు పైకెత్తి కూర్చునేవాళ్ళు.

"ఏమప్పా జ్ఞానరాజూ, రేకు పెనం మాదిరి కాలుతాండాదే, నీకేం గాదా?"

"నాకేం తెలీడంల్యా" అనేవాణ్ణి. ఆ నెలంతా నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అది. దాన్ని నా మగతనం కింద జమకట్టి అందరూ మెచ్చుకున్నారు.

మంగళవారం దావీదురాజన్న పోయాడు. తెగ్గొట్టిన కాలు మానలేదు, విషం పైకి పాకింది. పెట్టె చేసే వడ్రంగి కొలతకు వచ్చి, టేపు పట్టుకుని, ఏ కాలి దగ్గర ఆపాలో తెలియక రెండు నిమిషాలు అట్లాగే నిలబడిపోయాడు. దావీదురాజన్న ఉండుంటే దానికీ ఒక మాట వేసి నవ్వించేవాడు. ఆ మాట వెయ్యడానికి ఎవరూ లేరు.

అదే రాత్రి పెద్ద వాన. తెల్లారేసరికి దారంతా బురద ముద్ద. ఇక జీపు తప్ప దిక్కులేదు.

వెనక పెట్టె పెట్టారు. జారకుండా నలుగురు పట్టుకున్నారు. ఒక పక్కన దావీదురాజన్న భార్య మహిమ వదినె కూర్చుంది. ముందు సీట్లో నా పక్కన కృపమణి, కాళ్ళు పైకెత్తుకుని. సంఘమంతా బురదలో నడిచి వస్తోంది, హనుమన్నతో సహా. ముందు చక్రాలు పట్టించి, లోలో వేసి, తాళం తిప్పాను. జీపు కుదుపుతో కదిలింది. వెనక పెట్టె గట్టిగా తగిలింది.

"మెల్లగ, నాయనా" అంది వదినె, ఆయనకు దెబ్బ తగులుతుందేమో అన్నట్టు. నాకు చచ్చిపోవాలనిపించింది. ఒక కాలితో తోలుతున్న నేను, ఒక కాలితో పోతున్న ఆయన. పెట్టెలో ఎవరున్నా పెద్ద తేడా లేదు.

రెండు కిలోమీటర్లు లోలోనే పోయాం. ఇంజను అరుస్తోంది, బండి పాకుతోంది. వంకలో చీలమండ లోతు నీళ్ళు. దాటాం. అవతలి గట్టు ఎక్కుతుండగా సగంలో వాసన వచ్చింది. రబ్బరు కాలిన వాసన.

"క్లచ్ ప్లేటు పాయ! ఆపు, ఆపు!" పక్కన నడుస్తున్న హనుమన్న అరిచాడు.

"అవును, ప్లేటే" అన్నాను నేను. ఏదో ఒకటి అనాలి గదా.

కృపమణి చెయ్యి చాపి తాళం తిప్పి ఇంజను ఆపేసింది. జీపు గేరులోనే ఉంది కాబట్టి గట్టు మీద అట్లాగే నిలిచింది. వెనకవాళ్ళు చక్రాలకు రాళ్ళు పెట్టారు. ఆమె దిగి, నా వైపు వచ్చి, వంగి, క్లచ్ పెడల్ కింద చెయ్యి పెట్టింది. అక్కడ గుడ్డపేలిక ఒకటి కుక్కి ఉంది. నేను ఎప్పుడూ చూడలేదు. క్లచ్ వైపు చూసే పని నాకేముంది? పేలిక విప్పింది. అందులో కోడిగుడ్డు.

"ఇది శనివారం పెట్టినా" అంది. గొంతు పెంచలేదు. "స్టేషన్‌కు మూడుసార్లు పోయి వస్తివి. సంతకు పోయి వస్తివి. ఈ పొద్దు ఈడిదంకా వస్తివి. గుడ్డు గుడ్డు మాదిరే ఉండాది. క్లచ్ తొక్కినోడు ఎవురు? తొక్కంది ప్లేటెట్ల కాలుతాది?"

పాస్టరు అయ్యగారు బైబిలు మూశారు. పొదుపు గురించి ఆలోచిస్తున్నారేమో.

కృపమణి గుడ్డును పెద్ద లివరు తలకు కొట్టి పెంకు వొలిచింది. లోపల తెల్లగా, గట్టిగా, చక్కగా ఉడికి ఉంది.

"గుడ్డు ఉడికింది గదయ్యా" అంది. దాన్ని నా మొహం ముందు పెట్టింది. "గుడ్డు ఉడికింది. దాని పక్కన నీ కాలుండాది."

నా ఎడమ కాలు పైకెత్తింది. చెప్పు రేకుకు అంటుకుని సాగింది. మేజోడు అడుగు నల్లబడి చర్మంలోకి దిగింది. ఆ వాసన రబ్బరుది మాత్రమే కాదు. నేను చూస్తున్నాను. అందరూ మొహాలు తిప్పుకున్నారు, నేను మాత్రం ఎవరిదో కాలు చూస్తున్నట్టు చూస్తున్నాను. మంట లేదు. నొప్పి లేదు. భయం ఒక్కటే ఉంది, అది బోలెడంత ఉంది.

వెనక నుంచి మహిమ వదినె దిగి వచ్చింది. భర్తను పూడ్చడానికి పోతున్న మనిషి, ఆయన పెట్టెను వదిలి నా దగ్గరికి వచ్చింది.

"మీ అన్న కూడా నాకు మేజోడే సూపించినాడు, జ్ఞానా. నేనూ నమ్మినా. కృప నమ్మలే. నువ్వు అదృష్టమంతుడివి" అంది.

నేను ఏడ్చాను. దాచుకోలేదు. అంత జనంలో, బురదలో, ఒంటి చెప్పుతో ఏడ్చాను.

"ఇంగ సాలు, జరుగు" అంది కృపమణి కళ్ళు తుడుచుకుని. హనుమన్నా ఇంకొకరూ నన్ను మోసి ఎడమ సీట్లో వేశారు. ఆమె కొంగు బిగించి డ్రైవరు సీట్లో కూర్చుంది.

"మే, నువ్వా? గట్టు మీదుండాం! పెట్టె ఉండాది!"

ఆమె క్లచ్ తొక్కింది. నెల రోజుల తర్వాత నా జీపుకు క్లచ్ తొక్కిన శబ్దం విన్నాను. తాళం తిప్పింది. కాలు నెమ్మదిగా పైకి తీస్తూ, రెండో కాలు అదుముతూ, ఇంజను గొంతు బరువెక్కిన క్షణంలో చేతి బ్రేకు వదిలింది. జీపు ఒక్క అంగుళం కూడా వెనక్కి జారలేదు. పెట్టె కదల్లేదు. కొండచిలువ పాకినట్టు గట్టెక్కింది.

గట్టు దాటాక అడిగాను. "యాడ నేర్చుకున్యావు?"

"రాజంపేటలో మా నాయన ఆ ఊరి రెడ్డిగారి ట్రాక్టరు తోల్తాండె. ఆయనకు జొరం వస్తే నేనే దున్నినా. పద్నాలుగేండ్లప్పుడు."

"ఇరవై ఆరేండ్లు నాకు చెప్పలేదే?"

"చెబ్దామనే ఆ పొద్దు లివరు మీద చెయ్యేసినా."

దావీదురాజన్నను చక్కగా పూడ్చిపెట్టాం. నేను జీపులో నుంచే మట్టి వేశాను. మిగతావాళ్ళు పాట పాడుతుండగానే కృపమణి జీపు తిప్పి నన్ను ఆదోనికీ, అక్కడి నుంచి కర్నూలుకూ తీసుకుపోయింది. ఆస్పత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. ఇంకో పది రోజులు ఆగివుంటే మోకాలి దాకా పోయేదని డాక్టరమ్మ చెప్పింది. పాదం మిగిలింది. నా వేళ్ళు రెండూ పోయి దావీదురాజన్న పక్కన సీటుకు చేతిగుడ్డ వేశాయనుకుంటాను. బస్సు మాత్రం ఆలస్యంగా రావాలని నా ప్రార్థన.

ఇప్పుడు జీపు ఆమెదే. నేను ఎడమ సీట్లో, చెక్క పీట మీద కాలు పెట్టుకుని కూర్చుంటాను. చిన్న లివర్లు రెండూ నా డ్యూటీ. ఆమె "లో" అంటే లోలో వేస్తాను. "హై" అంటే హైలో వేస్తాను. మొదటి వారం ఒకసారి తప్పు వేశాను. "ఇవి మగోళ్ళకు అర్థం గావులే" అంది. మేము ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడే హనుమన్న సైలెన్సరు బాగుచేశాడు. ఆయన జీవితంలో రేపు రావడం అదే మొదలు. పొద్దున లేస్తే నా కాళ్ళు రెండూ ఆమె ఒళ్ళో ఉంటాయి, వేళ్ళ సందులన్నీ వెతుకుతుంది.

అయినా బుద్ధి ఊరుకోదు గదా. నిన్న పొద్దున ఆమె దొడ్లో కోళ్ళకు గింజలు వేస్తోంది. నేను గోడ పట్టుకుని, ఒక్కో అడుగు వేసి, జీపు ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి చూద్దామని ఎడమ కాలితో క్లచ్ తొక్కాను.

కాలికి ఏమీ తెలియలేదు. చెవికి తెలిసింది. కింద టప్‌మంది.

దొడ్లో నుంచి కృపమణి గొంతు వచ్చింది. "ఏమయ్యా, పగిలిందా?"

లేదు అనడానికి నోరు తెరిచాను. కుక్క, దోమలు, పొదుపు, అన్నీ నాలుక చివరన వరుసగా నిలబడి ఉన్నాయి. కింద పచ్చసొన నా పాదం కిందికి పాకుతోంది. అది వేడిగా ఉందో, చల్లగా ఉందో నాకు తెలియదు.

"పగిలింది, కృపా" అన్నాను.